బళేపేట మేడగదికి ఒక నిబంధన

మొన్న బెళ్ళందూరులో మా అమ్మాయి పనిచేసే ఆఫీసుకు వెళ్ళినప్పుడు కరెంటు పోయింది. ఏసీలు ఆగిన కాసేపటికే అద్దాల గోడలు వేడిని లోపలికి కక్కడం మొదలుపెట్టాయి. తివాచీలోంచి జిగురు వాసన లేచింది. మెడ వెనక చెమట పట్టగానే నాకు మార్తమ్మ గారు గుర్తొచ్చారు.

ఎనభైల తొలినాళ్ళలో నేను బెంగళూరులో ఇళ్ళ ప్లానులు మంజూరు చేసే ఆఫీసులో జూనియర్ ఇంజినీరుగా చేరాను. ఆవిడ నా పై అధికారి. కర్నూలు వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. తల్లి నర్సు. నేను చేరేటప్పటికి మార్తమ్మ గారు రిటైరవడానికి ఎంతో కాలం లేదు. అవి కరెంటు కోతల రోజులు. పట్టపగలు కూడా దీపాలు, ఫ్యాన్లు లేనిదే గడవని గదులు ఇక కట్టకూడదని, పని గదులకు బయటి గోడలో కిటికీ, ఎండ వేడి దిగని పైకప్పు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం ఒక నమూనా నిబంధన పంపింది. అది నమూనా మాత్రమే. ఊరి కౌన్సిల్ జనం అభ్యంతరాలు విని, తీర్మానం చేసి, మళ్ళీ ప్రభుత్వ ఆమోదానికి పంపితేనే ఆ ఊళ్ళో అమలవుతుంది. ఈ మెట్లలో ఎక్కడైనా అది ఆగిపోవచ్చు. ఆ భయం ఆవిడ నుంచి నాకూ అంటుకుంది.

ఎక్కువ అభ్యంతరాలు గాజుల బజారు బళేపేట నుంచి వచ్చాయి. విచారణ దాకా ఆగకుండా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి బయలుదేరారు. గాజుల వ్యాపారి ఆదెప్ప దుకాణం మీద రేకుల కప్పు మేడగది ఉండేది. అందులో ఆడవాళ్ళు గాజులు జతచేసి పెట్టెల్లో సర్దుతున్నారు. మేం ఎక్కిన కాసేపటికి కరెంటు పోయింది. నేను వెంటనే దిగిపోదామనుకున్నాను. మార్తమ్మ గారు మాత్రం వాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నారు. నెలలు నిండుతున్న లక్ష్మమ్మ అనే ఆవిడ గోడకు చేరగిలబడి, కళ్ళు తేలేసి పక్కకు ఒరిగింది. ఇద్దరం పట్టుకుని కిందికి దించి, నీళ్ళు తాగించాం. ఆవిడ తేరుకునేవరకు నేను చేతిలోని ఫైలుతో విసురుతూ కూర్చున్నాను.

ఆదెప్ప చెడ్డవాడేం కాదు. ఆయనా కంగారుపడ్డాడు. కానీ మార్తమ్మ గారు కిటికీ మాట ఎత్తగానే ఆయన గొంతు పెరిగింది.

“ఈడ గోడకు గోడ అంటుకోని ఉండాదమ్మా. కిటికీ యాడ పెట్టేది? పక్కింటోళ్ళ వంటింట్లోకా?”

ఆవిడ ఆ గోడను చేత్తో తడిమి చూశారు. “నిజమే కదప్పా,” అన్నారు.

మర్నాడు ఆవిడ ముసాయిదాలో ఒక మార్పు రాయించారు. గోడలు కలిసిన వీధుల్లో కిటికీకి బదులు పైకప్పులోనే వెలుతురు దిగే గాజు పెంకులు, గాలి పోయే సందు ఉంటే చాలని, పాత ఇళ్ళవాళ్ళు కప్పు మార్చినప్పుడు మాత్రమే అలా చేయాలని. నమూనాను మారిస్తే ప్రభుత్వం తిప్పి పంపుతుందేమోనని నేను భయపడ్డాను.

“నాకూ భయమేనమ్మా,” అన్నారు ఆవిడ. “కానీ చేయలేనిది రాసిస్తే, వాళ్ళు మనకు అబద్ధం ప్లాను ఇస్తారు. మనం సంతకం పెడతాం. ఆ గది అట్లే ఉంటాది.”

కౌన్సిల్‌లో వాయిదా వేయమన్నవాళ్ళే ఎక్కువ. అప్పుడు అభ్యంతరం చెప్పడానికి వచ్చిన ఆదెప్ప లేచి, ఈ మార్పు ఉంటే తమ వీధికి అభ్యంతరం లేదన్నాడు. దాంతో చేతులు లేచాయి. తీర్మానం గట్టెక్కింది. నేను అనుకున్నట్టే ప్రభుత్వం దాన్ని తిప్పి పంపింది, నమూనాలో లేని మార్పు ఎందుకని. మార్తమ్మ గారు విధానసౌధ చుట్టూ తిరిగారు. ఏ అధికారి దొరికినా వరండాలోనే నిలబడి, కలిసిన గోడల సంగతి మొదటి నుంచి చెప్పేవారు. ఆవిడ ఆయాసం చూసి ఫైళ్ళు నేను అందుకుని వెంట నడిచేదాన్ని. ఆమోదం రాకుండానే ఆవిడ రిటైరయ్యారు.

అది వచ్చిన రోజు పరుగున వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. “ఆదెప్ప కప్పు మార్చినాడంట. పోయి చూసినావా?” అన్నారు. చూడలేదు. అప్పటికప్పుడు చెప్పులు తొడుక్కుని బయలుదేరారు.

మేడగదికి కొత్త కప్పు పడింది. గాజు పెంకులూ ఉన్నాయి. కానీ వాటి కిందే అటక వేసి, సరుకు బస్తాలు కప్పు దాకా పేర్చారు. ఆడవాళ్ళు ఎప్పటిలాగే చీకట్లో కూర్చున్నారు. బిడ్డను ఒళ్ళో వేసుకుని లక్ష్మమ్మ కూడా ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మార్తమ్మ గారు కోప్పడలేదు. ఆ బస్తాలు ఇంకెక్కడ పెట్టొచ్చో ఆదెప్పను అడిగి, మెట్ల కింద చోటు చూపించారు. అందరూ తలో చెయ్యి వేశారు. ఆఖరి బస్తా దిగగానే చాప మీద ఎండ ముక్క పడింది. లక్ష్మమ్మ బిడ్డ దాన్ని పట్టుకోబోయింది.

ఆ తర్వాత నేను చాలా ప్లానుల మీద సంతకాలు పెట్టాను. ఏ సంతకమూ నాకు నిశ్చింతనివ్వలేదు. ఇల్లు పూర్తయ్యాక ఏదో ఒక వంకతో వెళ్ళి, లోపల కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. ఉద్యోగం అయిపోయింది గానీ ఆ గుబులు పోలేదు. మార్తమ్మ గారు నాకిచ్చింది అదే. పోగొట్టుకోవాలని నాకూ లేదు.