పెద్ద ప్లేటుకు ముప్పై మూడు

మా మేనమామకు పుంగనూరులో మైకుసెట్టు ఉండేది. పెండ్లికైనా జాతరకైనా ఆయన వచ్చి మైకు గొట్టాలు కట్టేదాకా జనానికి పండగ మొదలైనట్టు ఉండేది కాదు. ఆయన దగ్గర రెండు రకాల గ్రామఫోను ప్లేట్లుండేవి. గిన్నె మీద మూతంత ఉండేవి చిన్నవి, వైపుకొక పాట. అన్నం తినే పళ్ళెమంత ఉండేవి పెద్దవి. చిన్న ప్లేటు నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాలి, పెద్దది ముప్పై మూడు. ప్లేయరు పక్కన మీట అందుకే ఉంటుంది. "సిన్న ప్లేటుకు నలభై ఐదు, పెద్ద ప్లేటుకు ముప్పై మూడు. ఇది తప్పితే పాట సచ్చిపోతాది" అని మామ అడిగినవాళ్ళకు చెప్పేవాడు, అడగనివాళ్ళకు ఇంకా గట్టిగా చెప్పేవాడు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. మంచి ప్లేటు దొరికిందంటే చాలు, నడుమ అతికించి ఉండే అచ్చుకాగితం మీద ఇంకో తెల్లకాగితం అంటించేసేవాడు. పలమనేరు రోడ్డులో ఇంకో మైకుసెట్టు ఉండేది. ఆ మనిషి వచ్చి పాట పేరు చదువుకుని పోయి అదే ప్లేటు తెచ్చుకుంటాడని మామ భయం. తెల్లకాగితం మీద ఒక గుర్తు మాత్రం గీసుకునేవాడు. అలా పేరు కోల్పోయిన ప్లేట్లలో ఒకటి మా ఊరందరినీ ఏడిపించింది.

అది పెద్ద ప్లేటు. బెంగళూరులో పాత సామాన్ల మధ్య దొరికిందని మామ తెచ్చాడు. భాష ఏదో మాకెవరికీ తెలియదు. ఒక మగమనిషి, బరువైన గొంతు, ఏడుపు దిగమింగుకుంటూ మెల్లగా పాడుతున్నట్టుండేది. వెనకాల డ్రమ్ము ఒక్కో దెబ్బా అడుగులో అడుగేసినట్టు పడేది. విన్న మరుక్షణమే మామ తీర్మానించేశాడు, ఇది బిడ్డను అత్తగారింటికి అంపేటప్పుడు వెయ్యాల్సిన పాట అని. అప్పటి నుంచి ఏ పెండ్లిలోనైనా పెండ్లికూతురు గడప దాటుతుండగా ఆ పాటే. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. కారు సందు మలుపు తిరిగిందో లేదో మామ ముల్లు ఎత్తేసేవాడు. అందుకని ఆ పాట చివరిదాకా విన్నవాళ్ళు పుంగనూరులో ఒక్కరూ లేరు.

ఎనభైల చివర్లో నా పెండ్లయింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చిందల్లా పంతమే. పాట అయిపోయేదాకా కారెక్కనని గుమ్మంలో నిలబడ్డాను. మా అమ్మ గిల్లింది. మా అత్తగారు రాహుకాలం వచ్చేస్తుందన్నారు. చివరికి మామే మైకులో, ఊరంతా వినేట్టు, "ఎక్కమ్మా తల్లీ, పాట యాడికీ పోదు, ఈడనే ఉంటాది" అన్నాడు. ఆయన మాట మీద ఎక్కాను.

పాట అక్కడ ఉండలేదు. క్యాసెట్లు వచ్చాక ప్లేట్ల బరువు మోయడం ఎందుకని మామ పెట్టెలకు పెట్టెలు ఒక పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. అది కూడా వాటిలో కలిసి వెళ్ళిపోయింది. నేను మదనపల్లెలో హైస్కూలు సైన్సు టీచరుగా కుదురుకున్న రోజులవి. సెలవుకు పుంగనూరు పోతే మామ ఆ సంగతి చెప్పి, "అదొగటి తీసి పెట్టుకోవాల్సింది పాపా" అన్నాడు. ఆయన దేనికీ విచారించే మనిషి కాదు. దానికి మాత్రం మొహం చిన్నబోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన చెవులు పాడవడం మొదలైంది. జీవితమంతా గొట్టాల కిందే నిలబడ్డాడు మరి. మదనపల్లెలో చెవుల డాక్టరుకు నేనే చూపించాను. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, బరువైనవి కొంతకాలం నిలుస్తాయి, తర్వాత అవీ తగ్గుతాయి అన్నాడు డాక్టరు. బయటికి వచ్చాక మామ, "మీ అత్త అరుపులు ఇనబడక శానా దినాలాయ. దేవుడు ఉండాడు పాపా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బస్టాండులో నిలబడి ఆయన్ను చూస్తూ గట్టిగా అనుకున్నాను. ఈ మనిషికి ఆ బరువైన గొంతు వినబడే రోజులు పోకముందే ఆ ప్లేటు తెచ్చి తీరాలి.

నేనొకటి అనుకుంటే వదిలే మనిషిని కాను. ఎవరితోనైనా వాదిస్తే నాదే ఒప్పని తేలేదాకా లేవను, అది మా ఇంట్లోనూ స్కూల్లోనూ అందరికీ అనుభవమే. ఆదివారం వస్తే బయలుదేరేదాన్ని. పాత రేడియో రిపేరు షాపులు, మూతపడిన మైకుసెట్లు, గంగవరం, పెద్దపంజాణి పక్క పల్లెల్లో ఒకప్పుడు గొట్టాలు కట్టినవాళ్ళ అటకలు. పేరు తెలియని పాటను ఎలా అడగాలి? కూనిరాగం తీసి చూపించేదాన్ని. "మగగొంతు, మెల్లగా ఉంటుంది, వింటే దుఃఖం వస్తుంది, పెద్ద ప్లేటు." వాళ్ళు నన్ను కిందా మీదా చూసి, ఉన్నవేవో ముందు పరిచేవాళ్ళు. ఆ ప్లేటు దొరకలేదు గాని వేరేవి దొరికాయి. ఎనభైల నాటి చిన్న ప్లేట్లు, డిస్కో పాటలు, వాటి రీమిక్సులు. మూడు నిమిషాల పాటను డాన్సు కోసం సాగదీసి, నడుమ డ్రమ్ములు కుమ్మరించి, ఆ ఒక్క పాటనే పెద్ద ప్లేటు మీద అచ్చేసేవాళ్ళు. వెతికింది ఒకటి, తగులుకున్నది ఇంకొకటి. మా ఆయన అయితే, "స్కూల్లో సైన్సు, ఇంట్లో డిస్కో. పిల్లలు ఎవర్ని చూసి బాగుపడాల?" అనేవారు. అంటూనే బీరువాలో తన చొక్కాల అర ఖాళీ చేసిచ్చారు.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం మా పక్క చేతివేళ్ళమీద లెక్కపెట్టేంతమందిమి. ఒకరి దగ్గరున్న పాటను క్యాసెట్టులోకి ఎక్కించి ఇంకొకరికి ఇచ్చేవాళ్ళం. ప్లేటు మాత్రం ఎవరూ ఎవరికీ ఇవ్వరు. కాపీ ఎంతమందికైనా ఇస్తాం, ప్లేటు గడప దాటదు. అదే మా కట్టుబాటు.

అందరిలోకి పెద్దాయన కుప్పంలో ఉండేవాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. రైలెక్కితే బెంగళూరే కాబట్టి ఆదివారం బజార్లో ఏ ప్లేటు కనబడినా ఆయన చేతికే ముందు చిక్కేది. నాకు బోలెడు రీమిక్సులు ఎక్కించి ఇచ్చాడు. అందులో ఒకటి మా పిల్లలకు ప్రాణం. ఎవరో అమ్మాయి, సన్నటి గొంతుతో, పరుగులు పెడుతూ పాడేది. చివర్లో కిలకిలా నవ్వేది. ఆ నవ్వు కోసమే పిల్లలు టేపు మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పేవాళ్ళు. నేను దానికి ఎలకపిల్ల పాట అని పేరు పెట్టాను. అడిగినవాళ్ళందరికీ కాపీలు చేసిచ్చాను గాని నాకు మాత్రం అదంటే గిట్టేది కాదు. వంటింట్లో ఉంటే "ఆపండ్రా దాన్ని" అని అరిచేదాన్ని.

అలా ఏళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం కూడా వచ్చేసింది. మామతో మాట్లాడాలంటే చెవి దగ్గర వంగి మాట్లాడాల్సి వచ్చేది. నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

ఒక ఆదివారం పొద్దున కుప్పం పోయాను. పెద్దాయన వేరే ఎవరి కోసమో అదే ఎలకపిల్ల పాటను క్యాసెట్టుకు ఎక్కిస్తున్నాడు. కుప్పంలో కరెంటును నమ్ముకోలేక ఆయన ఆంప్లిఫయరును కారు బ్యాటరీకి తగిలించుకున్నాడు. ప్లేయరు మాత్రం ఇంటి కరెంటు మీదే తిరిగేది. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. ప్లేయరు ఆగిపోతూ ఆగిపోతూ తిరుగుతోంది, బ్యాటరీ మీదున్న ఆంప్లిఫయరు మాత్రం పాడుతూనే ఉంది. అమ్మాయి గొంతు బరువెక్కుతూ కిందికి దిగింది. దిగి, దిగి, ఒక్క క్షణం మగగొంతైంది. ఏడుపు దిగమింగుకుంటున్న మగగొంతు. ఆ మరుక్షణం మూలిగి ఆగిపోయింది.

"మళ్ళీ వేయండి" అన్నాను. "కరెంటు రానియ్యమ్మా" అన్నాడాయన.

కరెంటు వచ్చేలోపల నాకు మొత్తం అర్థమైపోయింది. ఒకే పాట ఉండే రీమిక్సు ప్లేట్లు చూడ్డానికి పెద్దవే గాని తిరగాల్సింది నలభై ఐదులో. ఆ మాట ప్లేటు నడుమ అచ్చుకాగితం మీదే ఉంటుంది. మామ దాని మీద తెల్లకాగితం అంటించేశాడు. పెద్ద ప్లేటు కనుక ముప్పై మూడులో పెట్టాడు. మా ఊరి ఆడబిడ్డలందరినీ ఒక డిస్కో పాటను ఈడ్చి ఈడ్చి పాడించి అత్తారిళ్ళకు అంపాడు. రీమిక్సుల స్పీడు సంగతి నాకు తెలియనిదా? ఎంతమందికి పాఠం చెప్పానో. అయినా మామ ప్లేటు విషయంలో ఆ అనుమానమే రాలేదు, ఎందుకంటే మామ తప్పు పెడతాడని నేను కలలో కూడా అనుకోను. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి వెతికిన పాట మా ఇంట్లోనే ఎగిరి గంతులేస్తోంది, నేనే నోరు ముయ్యమన్నాను. నన్ను నేనే తిట్టుకుంటూ అక్కడే పగలబడి నవ్వాను.

"ఈ ప్లేటు నాకు కావాల" అన్నాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "కాపీ ఉంది గదమ్మా నీ దగ్గర?" క్యాసెట్టు టేపును అంత మెల్లగా తిప్పే మిషను నా దగ్గర లేదు. ఉన్నా ఒప్పుకునేదాన్ని కాను. మామ చేతికి ప్లేటే తగలాలి. పెద్దాయన భోజనానికి లేచాడు, నేను లేవలేదు. ఆయన కునుకు తీసి వచ్చేసరికీ అదే కుర్చీలో ఉన్నాను. "ఇంటికి పోవా అమ్మా?" "ప్లేటు ఇస్తే పోతాను." నా దగ్గరున్న చిన్న ప్లేట్లలో ఒకటంటే ఆయనకు ఎప్పటి నుంచో ఆశ. నాకూ అదే అన్నిటికన్నా ఇష్టం, వెతుకులాటలో మొట్టమొదట దొరికింది అదే. దాన్ని ఇచ్చేస్తానన్నాను. ఆయన నా మొహం చూసి, "ఎవురి కోసరమమ్మా ఇంత?" అని అడిగాడు. చెప్పాను. విని, ప్లేటును పాత పంచెలో చుట్టి నా ఒళ్ళో పెట్టాడు.

మరుసటి ఆదివారం ప్లేటూ ప్లేయరూ మోసుకుని పుంగనూరు బస్సు దిగాను. మామ వసారాలో కూర్చుని ఉన్నాడు. పక్కనే పాత గొట్టమొకటి బోర్లించి ఉంది, దాని కింద అత్త కోడిపిల్లల్ని మూసిపెట్టింది. చెవి దగ్గర వంగి, "మామా, నీ ప్లేటు తెచ్చినా" అన్నాను. ఆయన ప్లేటును రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుని, వెలుతురుకు ఎత్తి, గీతలున్నాయేమోనని చూశాడు. ఆ పట్టు మాత్రం మారలేదు.

నేను టీచర్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నా పట్టుదల. ఇన్నేళ్ళూ ఆయన విన్నది తప్పని, అసలు పాట ఇదీ అని చూపించాలనే వచ్చాను. ఎంత నవ్వుకుంటాడో అని దారంతా ఊహించుకున్నాను కూడా. మీట నలభై ఐదులో పెట్టి ముల్లు దించాను.

మామ తల వంచి విన్నాడు. కొంచెంసేపు చూసి, "డ్రమ్ము ఇనబడతాండాది. గొంతు యాడ పాపా?" అన్నాడు. శబ్దం పెంచాను. అత్త చెవులు మూసుకుంది. మామ నా మొహం వైపే చూస్తున్నాడు, పరీక్షలో జవాబు రాని పిల్లవాడు చూసినట్టు. "గొంతు ల్యా. ఇది నా ప్లేటు కాదు" అన్నాడు.

సన్నగొంతులు ఆ చెవుల్ని దాటిపోయి చాలా కాలమైంది, డాక్టరు చెప్పింది నేనే మరిచిపోయాను. ముల్లు ఎత్తాను. మీట ముప్పై మూడుకు జరిపాను. మళ్ళీ దించాను.

మామ నడుము నిటారైంది. కుడిచెయ్యి తనంతట తానే గాల్లోకి లేచి, లేని మీట పట్టుకుని సవరించినట్టు ఆడింది. కళ్ళు మూసుకుని వింటూ ఉన్నాడు. నా పెండ్లినాడు రాని ఏడుపు ఆ వసారాలో వచ్చింది, వెక్కి వెక్కి వచ్చింది. ఈసారి ఏ కారూ మలుపు తిరగలేదు, ఎవరూ ముల్లు ఎత్తలేదు. పాట చివరిదాకా పోయింది. ఆఖర్న ఆ అమ్మాయి నవ్వు బరువెక్కి, తెగి తెగి వినిపించింది.

"సూసినావా? ఆఖర్లో ఏడ్సినాడు పాపం. ఆయప్ప బిడ్డను అంపినట్టుండాడు" అన్నాడు మామ. ఔనన్నట్టు తలూపాను.

కాసేపటికి ఏదో గుర్తొచ్చి నా వైపు తిరిగాడు. "మరి ముందర యాల ఇనబడల్య నాకు?"

పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ అనని మాట ఆయన చెవిలో వంగి అన్నాను. "నాదే తప్పు మామా. స్పీడు తప్పు పెట్టినా."

మామ మొహంలోకి పాత మైకుసెట్టు మామ వచ్చేశాడు. "ఎన్నితూర్లు సెప్పినా నీకు? పెద్ద ప్లేటుకు ముప్పై మూడు!" అని వీధంతా వినబడేట్టు నన్ను తిట్టాడు.