అంచున రాసిన పేర్లు

చదువుకున్నవాళ్ళు పోగొట్టినన్ని కాగితాలు చెదలు కూడా పోగొట్టలేదు. చూసినవాణ్ణి కాబట్టి అంటున్నాను.

డెబ్బైల్లో అమలాపురం దగ్గర మా ఊరి చర్చి బాప్తిస్మాల పుస్తకం చూసే పని నాది. జీతం లేదు. నా చదువు అయిదో తరగతి. మిగతాది పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నదే. చర్చిలో ఇచ్చిన బాప్తిస్మాలు పుస్తకంలో గీతల మధ్య రాసేవారు. వరద రోజుల్లో పాస్టరుగారు పడవ మీద వెళ్ళి జబ్బు పిల్లలకు ఇంటి దగ్గరే ఇస్తే, ఆ పేర్లు పేజీ అంచున పడేవి. నేను పుస్తకంలోని పాత పేర్లతో సహా ప్రతి పేరుకీ పుట్టినతేదీతో ఓ చీటీ రాసి, ఇంటిపేర్ల వరసన పెట్టెలో పేర్చి, రాజోలులో మా అక్క ఇంట్లో పెట్టాను. అందుకు కమిటీవాళ్ళు నవ్వారు.

ఎనభైల మొదట్లో పుస్తకానికి పురుగు పట్టిందని, బి.ఏ. చదివిన కమిటీ కార్యదర్శిగారు కొత్తదాంట్లోకి ఎత్తిరాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. సరిచూడందే పాతది పారేయొద్దన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు. నేను జ్వరంతో పక్షం రోజులు మంచం పడితే, ఆ సందులో పాత పుస్తకం పండగ భోజనాల పొయ్యిలోకి పోయింది.

మరుసటేడు కువైట్‌లో ఇంటిపని కుదిరిన ఒకమ్మాయి వచ్చింది. కొబ్బరిపీచు తాళ్ళు పేనే కుటుంబం. పాస్‌పోర్టుకి పుట్టినతేదీ రుజువు కావాలి. ఆమెకున్నది బాప్తిస్మం ఒక్కటే. ఏజెంటు పది రోజులు గడువిచ్చాడు. కొత్త పుస్తకమంతా తిరగేశాను. ఆమె పేరే కాదు, అంచు పేర్లు ఒక్కటీ లేవు. గీతల మధ్య ఉన్నవాళ్ళే మనుషులనుకున్నారు కార్యదర్శిగారు.

రాజోలు వెళ్ళాను. మా అక్క ఆ పెట్టె మీద ఊరగాయ జాడీ పెట్టుకుంది గానీ, ఒక్క చీటీ చెదరలేదు.

కార్యదర్శిగారు చీటీ చూసి మెత్తగా అన్నారు: "ఇంకేవండీ బావగారూ, ఆ సంవత్సరం దగ్గర రెండు గీతల మధ్య ఇరికించేద్దారండీ. ఎవరొచ్చి చూస్తారు?"

"దొంగపేరు కాదు గదండీ, దొంగతనంగా దూర్చడానికి. చివరి పేజీలో ఇవాళ్టి తేదీ వేసి రాస్తాను. పాత పుస్తకం ఏమైందో, ఈ చీటీ ఎక్కడిదో కూడా రాస్తాను. కింద మీరు సంతకం పెట్టండి."

ఆయన ముఖం మాడిపోయింది. పొయ్యి సంగతి రాతలోకి ఎక్కడం ఆయనకిష్టం లేదు. వారం రోజులు తప్పించుకు తిరిగారు. ఆ పిల్ల రోజూ వచ్చి మా గుమ్మంలో నిలబడేది. చివరికి అంది: "మావయ్యగారూ, ఆయన చెప్పినట్టే రాసేయండి. నాకు పేరుంటే చాలండి."

అయినా రాయలేదు. ఇవాళ నీ పేరు దూర్చిన చేత్తోనే రేపు ఇంకొకరి పేరు తీసేస్తారమ్మా అని చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని పాస్టరుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన అంతా విని, నేను చెప్పినట్టే రాయించి, ముందు తాను సంతకం చేశారు. తర్వాత కబురెళితే కార్యదర్శిగారూ వచ్చి చేశారు, పాళీ విరిగేలా.

గడువుకి ఒకరోజు ముందు ఆమె చేతికి సర్టిఫికెట్ అందింది. వెళ్ళింది.

మిగిలిన అంచు పేర్లు కూడా ఎక్కించాల్సిందేనన్నారు పాస్టరుగారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను చీటీ చదివేవాణ్ణి, కార్యదర్శిగారు రాసేవారు. మొదటి రోజే మూడు తప్పులు పట్టుకున్నాను.