వదిన పెట్టిన చీల

మా వీధిలో ఏ కిటికీ తెరిచినా ఆ కొండగోడే. దాని అంచు కనపడాలంటే మెడ పట్టేసేలా తల ఎత్తాలి. ఎన్నేళ్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని ఎక్కడానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తారు. అక్కడ కట్టుబాటు ఒక్కటే, బండకు మేకు కొట్టకూడదు. ముందు ఎక్కేవాళ్లు పగుళ్లలో లోహపు చీలలు ఇరికించి, వాటికి తాడు తగిలించుకుంటూ పోతారు. వెనక వచ్చేవాళ్లు వాటిని ఊడదీసుకుంటూ ఎక్కుతారు.

ముందు వెళ్లేది మా అన్నయ్య. ఊడదీసేది వదిన. టీకొట్టు గోడ నిండా అన్నయ్య ఫొటోలే. వదిన ఏదయ్యా అంటే, తాడు రెండో కొసన, ఫొటో బయట. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల పరదాలు కుట్టే మనిషి, సెలవు రోజున ఆ గోడ మీద తేలేది. "భయం వెయ్యదా వదినా?" అంటే, "మీ అన్నయ్యకి వండి పెట్టడం కంటే నయమే!" అనేది.

అంత గోడా ఏమీ చెయ్యలేదు గానీ, కిందటేడు అన్నయ్య స్నానాలగదిలో జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఇక ముందుండి ఎక్కడం కుదరదని డాక్టరు తేల్చేశాడు. ఆ రోజు నుంచి అన్నయ్య కిటికీ తెరవనిచ్చేవాడు కాదు. మనిషి సగమైపోయాడు. చూసి చూసి ఒక పొద్దున వదిన తాడు భుజాన వేసుకుంది.

"పదండి. ఇవాళ ముందు నేను, వెనక మీరు."

"ముందు ఎక్కడం నీకేం తెలుసే?"

"మీరు పెట్టిన ప్రతి చీలా పీకిన చేతులివి. ఎక్కడ ధీమాగా పెట్టారో, ఎక్కడ వణుకుతూ కుక్కారో నాకు తెలీదూ?"

అప్పుడు చూడాలి మా అన్నయ్య మొహం!

నేను కొండ వెనక కాలిబాటన ఫ్లాస్కు పట్టుకుని పైకి చేరి, అంచున బోర్లా పడుకుని తొంగిచూశాను. చివర్లో ఒకచోట పైకి కాదు, పక్కకు దాటాలి. దాటేముందు పెట్టిన చీల ముందువాళ్లను కాస్తుంది. వెనకవాళ్లు దాన్ని ఊడదీశాక జారితే మాత్రం, ఊయలలా ఊగి ఎదురుబండకు కొట్టుకోవాల్సిందే. కింద ఎగిరే పక్షుల వీపులు కనిపిస్తున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. వదిన మాత్రం బల్లిలా దాటేసింది. గట్టి మెట్టు మీద కాలు మోపాక ఆగి, మరో చీల పెట్టడం మొదలెట్టింది.

"దాటేశావుగా, ఇంకెందుకు?" అని అరిచాను.

"నాక్కాదు" అంది.

పైకొచ్చి, తాడు బండకు కట్టుకుని, అన్నయ్యను రమ్మంది. అన్నయ్య పక్కకు దాటేముందున్న చీల ఊడదీసి రెండడుగులు వేశాడో లేదో, భుజం మొరాయించింది. జారాడు. అమ్మో, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి, ఎదురుబండ దాకా ఊగకుండా, వదిన పెట్టిన ఆ చీల కిందే వేలాడుతున్నాడు, ఒంటి మీద గీత కూడా లేకుండా.

పైకొచ్చాక కూర్చోలేదు. ఆ చీల చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అక్కడ నీకోసం నేను ఎప్పుడైనా పెట్టానా?"

"లేదు" అంది వదిన, టీ వంచుతూ.

"మరి జారుంటే?"

"జారలేదుగా. తాగండి, చల్లారిపోతుంది."

ఇన్నేళ్లూ ఆ గోడను చూసి నోరెళ్లబెట్టినదాన్ని, ఆ పూట దాని వంక చూడనే లేదు. వదిననే చూస్తూ కూర్చున్నాను. అన్నయ్యా అంతే.