బురద మీద ఆయిలు

మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న మా క్యారవాన్ వ్యాను అడుగుభాగాన్ని ఏటా వానలకు ముందు చూసిపెట్టే మేస్త్రీ ఒకాయన ఎనుమాములలో ఉండేవాడు. చూడటమంటే ఆయన వంగేవాడు కూడా కాదు. గుట్కా ఉమ్మేసి, పట్టిన బురద కడగకుండానే తుప్పు పట్టకుండా అంటూ దాని మీద పాత ఇంజనాయిలు పిచికారీ కొట్టేవాడు. "ఫికర్ జెయ్యకు అన్నా, కింద ఎవడు జూస్తడు?" అనేవాడు. అంతా నల్లగా నిగనిగలాడేది. నేనూ నవ్వేవాణ్ణి.

నిరుడు పిల్లలతో ప్రయాణం పెట్టుకుని, నేనే కింద దూరి స్క్రూడ్రైవరుతో గీకాను. బురద పెళ్లగా ఊడి మొహం మీద పడింది. లోపల, నీళ్ల ట్యాంకును మోసే ఇనుపపట్టీ తుప్పు తినేసి బిస్కెట్టులా విరిగింది. ఆయన్ని పిలిపించాను.

"ట్యాంకు ఊడి వెనక బండి మీద పడితే ఎట్ల?" అని అరిచాను.

ఆయన సిగ్గుపడలేదు. "జర జరుగు అన్నా" అంటూ విరిగినచోట మళ్లీ ఆయిలే కొట్టాడు.

ఇంట్లోకొచ్చి సబ్బుతో మొహం రుద్ది రుద్ది కడిగాను. జిడ్డు వదిలింది. అద్దంలో మాత్రం, మూడేళ్లు ఆ మాటకు నవ్విన మొహమే కనిపించింది.