సంఘం భోజనాల మర్నాడు

సాయంత్రం విశాఖలో టాటానగర్ రైలెక్కాను. హాళ్ళు, హాస్టళ్ళు, ఆసుపత్రులు తమ చెత్తను ఎలా చూసుకుంటున్నాయో పరిశీలించి మార్కులు వేసే చిన్న సంస్థలో నా ఉద్యోగం. ఎక్కడ బాగుచేసుకోవాలో కూడా చెప్పి రావాలి. జంషెడ్‌పూర్‌లో ఒక తెలుగు సంఘం తమ ఫంక్షన్ హాలుకి మా సర్టిఫికెట్ కావాలని అడిగింది. నన్ను పంపారు.

ఎదురు బెర్తులో టాటానగర్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. బొబ్బిలి వైపు మనిషి. నా పని విని నవ్వాడు.

"సెత్త సూడ్డానికి ఇంత దూరమేటమ్మా? మీ ఊర్లో నేదా?"

"ఉంది బాబూ, అదీ చూసే వచ్చాను."

రాయగడ దాటాక పులిహోర పొట్లం విప్పి సగం నాకు పెట్టాడు. పొద్దున్న చక్రధర్‌పూర్‌లో టీ తాగాను. జంషెడ్‌పూర్‌కి స్టేషన్ టాటానగరే. అక్కడ దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కి, సంఘం హాలున్న కద్మాలో దిగాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు వెంట ఉంచుకోండి.

లాడ్జీలో దిగుతానంటే సంఘం కార్యదర్శి అప్పలనాయుడు గారు ఒప్పుకోలేదు. "మన పిల్లవి. లాడ్జీ ఏటి, మేం నేమా?" అని హాలు మేడ మీద గది తీయించారు. ఉక్కు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసిన మనిషి. భార్య చేత చేపల పులుసు చేయించి, దగ్గర కూర్చుని వడ్డించారు. ఆ ముద్ద తింటున్నప్పుడే నాకు కొంచెం బెరుకు మొదలైంది.

సాయంత్రం హాలు వెనక ఎరువు గొయ్యి చూపించారు. పైన పచ్చి పేడ చల్లి ఉంది.

"తడి సెత్తంతా ఇందులోనే ఎరువు సేత్తన్నాం" అన్నారు.

కుళ్ళుతున్న గొయ్యిలో చెయ్యి పెడితే వేడి తగలాలి. పెట్టి చూశాను. చల్లగా ఉంది. పక్కన నిలబడ్డ ఆయన కూతురు నవ్వు ఆపుకోలేక, "పాపా, గోబర్ తో ఆజ్ హీ డాలా హై నా" అని తండ్రితో హిందీలో అనేసింది. పేడ ఈరోజే వేశారన్నమాట. ఆయన కళ్ళెర్రజేసి అమ్మాయిని లోపలికి పంపేశారు.

మర్నాడు సంఘం భోజనాలు. ఊళ్ళో తెలుగు కుటుంబాలన్నీ వచ్చాయి. పప్పు, గుమ్మడికాయ కూర, బూరెలు. విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, మిగిలిన అన్నం అన్నీ ఒకే కుప్పగా ట్రాలీ ఆటోలోకి ఎక్కాయి. నేను ఇంకో ఆటో మాట్లాడుకుని దాని వెనకే వెళ్ళాను. సీతారాండేరా అనే బస్తీలో ఇళ్ళ వెనక కాలువ పక్కన దిమ్మరించి వెళ్ళిపోయింది.

తెల్లారి మళ్ళీ వెళ్ళాను. కుక్కలు ఈడ్చిన విస్తళ్ళు ఒక ఇంటి గుమ్మం దాకా పరుచుకున్నాయి. చీపురుతో వాటిని తోస్తున్న ఆవిడ పేరు నీలమ్మ. సంఘం హాల్లో గిన్నెలు తోముతుంది.

"బోజనాలకి మమ్మల్నీ పిలిసేరమ్మా. ఎల్లి తిన్నాం. ఆ ఇస్తరాకులే మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చేసినాయి" అంది. ఆ మాటలో కోపం లేదు. అడిగితే ఫొటోకి పక్కకి తప్పుకుంది కూడా.

మధ్యాహ్నం సంఘం గదిలో నా మాట చెప్పాను. సర్టిఫికెట్‌కి చాలినన్ని మార్కులు రావని, వడ్డించే చోటే తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి రెండు డ్రమ్ములు పెట్టి, స్టీలు గ్లాసులు వాడి, గొయ్యి నిజంగా నడిపితే తప్పకుండా వస్తాయని అన్నాను. అప్పలనాయుడు గారి మొహం నల్లబడింది.

"ఊరుగాని ఊర్లో అణా అణా కూడేసి కట్టుకున్న హాలమ్మా ఇది. గుమ్మం మీద మీ బోర్డుంటే కంపెనీ ఫంక్షన్లు వత్తాయి. మనోళ్ళకి మనమే అడ్డం పడితే ఎలాగ?"

నేను ఫొటో చూపించాను. కుప్పని కాదు, తలుపుని చూశారాయన. "నీలమ్మ గుమ్మం కదా ఇది" అన్నారు నెమ్మదిగా.

ఆ సాయంత్రం భోజనానికి ఎవరూ పిలవలేదు. రోడ్డు మీద నిప్పుల్లో కాల్చిన లిట్టీ ఉండలు తిని పడుకున్నాను.

మర్నాడు స్టేషన్‌కి వెళ్తూ సీతారాండేరాలో ఆగాను. కుప్ప లేదు. తగలబెట్టేశారు. కరిగిన గ్లాసులు నల్లగా నేలకంటుకుని ఇంకా పొగ కక్కుతున్నాయి. నీలమ్మ తలుపు సగమే తీసింది.

"ఫొటో ఏల తీసేవమ్మా? హాలికి ఇంక రావద్దన్నారు."

నేను మాట్లాడతానన్నాను. "వద్దు, ఇంకేటీ మాటాడకు" అని తలుపేసేసింది. ఆటోలోంచి అప్పలనాయుడు గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

రైలు రూర్కెలా చేరకముందే మా ఆఫీసు పెద్దాయన ఫోన్. సంఘం వాళ్ళు ఖాళీ చేసిన స్థలం ఫొటో పంపారట.

"ఒక్క రోజులో క్లీన్ చేశారు. మెరుగుదల చూపించారు కాబట్టి మార్కులు పెంచి సర్టిఫికెట్ ఇచ్చేద్దాం."

"కాల్చేశారు సార్. ఒకావిడ పని కూడా పోయింది."

"మనుషుల ఉద్యోగాలకి మన దగ్గర మార్కుల్లేవమ్మా" అన్నారు. సంతకం నేను పెట్టనన్నాను. పర్లేదు, ఇంకొకళ్ళు పెడతారన్నారు.

జంషెడ్‌పూర్ వెళ్ళేవాళ్ళు కద్మా, సోనారి రోడ్ల మీద తిరగండి, చెట్ల నీడ బాగుంటుంది. తెలుగు సంఘం భోజనాలకి పిలిస్తే వెళ్ళండి, బూరెలు బాగుంటాయి. సీతారాండేరా వైపు వెళ్ళి నీలమ్మ కనిపిస్తే మాత్రం, నేను అడిగానని చెప్పకండి.