లిమా డాబా మీద గోళీ

చక్రపాణి జేబులో ఎప్పుడూ ఒక గాజు గోళీ ఉండేది. ఎవరు భోజనానికి పిలిచినా ముందు వాళ్ళ బాల్కనీలోకి వెళ్ళి ఆ గోళీని కింద పెట్టి చూసేవాడు. దొర్లితే మొహం విప్పారేది. దొర్లకపోతే ఆ పూట ముద్ద దిగేది కాదు.

"మీ బాల్కనీకి వాటం లేదండీ. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయి?" అని ఇంటాయన్ని నిలదీసేవాడు.

"ఏమోనండీ, అద్దె కొంప. మెయింటెనెన్స్ వాళ్ళు చూసుకుంటార్లెండి. ముందు పప్పు వేసుకోండి" అనేవాడు ఆయన.

జెర్సీ సిటీలో తెలుగువాళ్ళంతా కంప్యూటర్‌ని నమ్ముకుంటే, చక్రపాణి ఒక్కడూ వానను నమ్ముకున్నాడు. కట్టబోయే భవనాల మీద పడే నీళ్ళు కిందికి ఎలా దిగాలో నక్షాలు గీసే చిన్న కంపెనీలో ఆయన ఉద్యోగం. పుట్టింది కోనసీమలో, ముమ్మిడివరం దగ్గర. చిన్నప్పుడు వాళ్ళ తాటాకిల్లు పద్నాలుగు చోట్ల కారేది. పద్నాలుగు చోట్లా వాళ్ళమ్మ పద్నాలుగు గిన్నెలు పెట్టేది. టంగుమంటే ఇత్తడి చెంబు, టప్పుమంటే సత్తు గిన్నె. చప్పుడు మారిందంటే నిండిపోయిందని అర్థం. ఆ చెవులు ఆయనకు అలాగే మిగిలిపోయాయి. ఒకసారి సినిమా హాల్లో, తెర మీద తుపాకులు పేలుతుండగా, "పై అంతస్తులో ఎక్కడో పైపు కారుతోంది" అన్నాడట. వెళ్ళి చూస్తే కారుతూనే ఉంది. నమ్మనివాళ్ళు ఆ హాలు వాళ్ళనే అడుక్కోవచ్చు. హాలు మాత్రం ఇప్పుడు లేదు.

రెండు వేల ఆరు ఆగస్టులో ఆయన హెచ్-వన్ వీసా ఐదో ఏడు చివరికొచ్చింది. గ్రీన్‌కార్డ్ కాగితాల మీద కంపెనీ యజమాని వాల్టర్ ఆ శుక్రవారం సంతకం పెట్టాలి. పెడితే చక్రపాణీ, భార్య నళినీ ఇక్కడ ఉంటారు. పెట్టకపోతే పెట్టెలు సర్దుకోవాలి.

సరిగ్గా ఆ సోమవారం, పెరూ దేశపు రాజధాని లిమాలో ఉన్న వాళ్ళ శాఖ నుంచి ఒక నక్షా వచ్చింది. నలభై కుటుంబాలు ఉండబోయే భవనం. చక్రపాణి పైకప్పు పేజీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"నలభై కుటుంబాలు నళినీ! డాబా అద్దంలా చదును. వాటం లేదు. నీళ్ళు దిగడానికి ఒక్క తూమైనా లేదు!"

"మర్చిపోయారేమో. ఫోన్ చేసి అడక్కపోయారా?"

"అడిగేదేంటి? సైట్ ఫోటో పంపారుగా. ఆ మబ్బు చూడు. మా ఊళ్ళో ఆకాశం ఇలా ఉందంటే పడవలు విప్పుకునేవాళ్ళం."

నళిని ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసింది. "మబ్బు సరేనండీ. కింద మట్టి చూడండి, పిండిలా ఉంది."

"ఫోటో తీశాక వాన పడుంటుంది."

"మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకోకండి. అసలే ఇది శుక్రవారం గండం."

ఆయన వినలేదు. మర్నాడు వాల్టర్‌కు ఆరు పేజీల ఉత్తరం రాశాడు. ఈ నక్షా గీసిన ఇంజనీరు నలభై కుటుంబాలను ముంచబోతున్నదనీ, ఆవిడ ఉన్న చోట తాను పనిచేయలేననీ అందులో సారాంశం.

వాల్టర్ ఉత్తరం చదివి, చక్రపాణిని పిలిచాడు. "ఆ నక్షా గీసిన పిలార్ శుక్రవారం ఇక్కడికే వస్తోంది. ఈ దేశం రావడం ఆవిడకిదే మొదలు. ఆ తప్పేదో నా ముందే చూపించు. నీ మాట నిజమైతే ఆవిడ ఉద్యోగం పోతుంది. కాకపోతే..." అని బల్ల మీదున్న గ్రీన్‌కార్డ్ ఫైలును వేలితో రెండుసార్లు తట్టాడు.

శుక్రవారం వచ్చింది. పిలార్ యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, నెరిసిన జడతో ఉంది. చక్రపాణి నక్షాను బల్ల మీద పరిచి, నడిమధ్య గోళీ పెట్టాడు.

"చూశారా? కదల్లేదు. మీ డాబా మీదా ఇలాగే కదలదు."

"కదలకూడదు కదా!" అంది పిలార్.

"మరి నీళ్ళు ఎటు పోతాయండీ?"

"ఏ నీళ్ళు?"

చక్రపాణి వాల్టర్ వంక చూశాడు. వాల్టర్ కిటికీ వంక చూశాడు.

"వాన నీళ్ళు!"

"మాకు వాన పడదు."

"ఈ ఏడాదా?"

"మా అమ్మ పుట్టినప్పటి నుంచీ."

చక్రపాణి నోరు తెరుచుకుంది, మూతపడడం మరిచిపోయింది. ఫోటో తీసి, వేలితో ఆకాశం చూపించాడు. "మరి ఇదేంటి?"

"ఓ, అదా! దాన్ని మేం గాడిద పొట్ట అంటాం. మేలో వచ్చి మా నెత్తిన కూర్చుంటుంది, నవంబరు దాకా లేవదు. అంతే, కిందికి దిగదు. మా సముద్రం చల్లనిది, అందుకని మబ్బు వానగా మారదు. మంచులాంటి తుంపర పడుతుంది. కనురెప్పలు తడుస్తాయి, నేల తడవదు. మా ఇంట్లో ఎవరికీ గొడుగు లేదు."

"గొడుగు లేదా!" చక్రపాణి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"డాబా మాకు ఇంకో గది లాంటిది. బట్టలు ఆరేస్తాం. ఆ తేమకి మూడు రోజులకి గానీ ఆరవనుకోండి. అమ్మ కూరకని సీమపందుల్ని, అదే, ఆ చిన్న గినీ పిగ్గుల్ని పెంచేదీ, ఆదివారం అందరం తినేదీ అక్కడే. కొడుక్కి పెళ్ళయితే పై అంతస్తు వేయడానికి ఇనుప చువ్వలు కూడా అలాగే పైకి వదిలేస్తాం. మీరు వాటం పెడితే మా అమ్మ సూప్ గిన్నె పక్కింటికి జారిపోతుంది."

సూర్యుడు పడమట పొడుస్తాడని చెప్పినా చక్రపాణి అంత అదిరిపోయేవాడు కాదు. నలభై ఏళ్ళుగా నమ్ముకున్న మబ్బు మోసం చేసింది. హెడ్మాస్టరు ముందు నిలబెట్టిన పిల్లాడిలా తల దించుకున్నాడు. వాల్టర్ గ్రీన్‌కార్డ్ ఫైలును నెమ్మదిగా మూశాడు. ఆ చప్పుడు చక్రపాణి చెవులకు నిండిపోయిన గిన్నె చప్పుడులా వినిపించింది.

అప్పుడే హడ్సన్ నది మీద ఆకాశం ఫెళ్ళుమంది.

"భూకంపం!" అని కేకవేసింది పిలార్. ఒక చేత్తో వాల్టర్ టై, ఇంకో చేత్తో చక్రపాణి చొక్కా పట్టుకుని ఇద్దర్నీ గుమ్మం కిందికి ఈడ్చింది. "కదలకండి! గోడ పక్కనే ఉండండి!"

"అమ్మా, అది ఉరుము" అన్నాడు చక్రపాణి బిక్కచచ్చి.

"ఉరుమా?" ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఉరుమంటే ఇంత ఉంటుందా? పుస్తకంలో చదివాను గానీ చప్పుడు రాయలేదే!"

వాన విరుచుకుపడింది. పావుగంట గడిచిందో లేదో చక్రపాణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నక్షాల బీరువా మీద... స్లాబ్ లోపల... టప్పుమంటోంది!" అని మెట్ల మీదుగా పైకి పరిగెత్తాడు. వాళ్ళ ఆఫీసు ఓ పాత భవనంలో పై అంతస్తు. డాబా మీద చీలమండల లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని తూములో భుజం దాకా చెయ్యి పెట్టి పావురాల గూడొకటీ, టెన్నిస్ బంతొకటీ లాగాడు. గళగళమంటూ నీళ్ళు లోపలికి దిగాయి.

తిరిగి చూస్తే వెనకాల పిలార్ నిలువునా తడిసి నిలబడి ఉంది. ఆకాశం వంకా, కాళ్ళ వంకా మార్చి మార్చి చూస్తోంది.

"ఇదంతా పైనించే పడిందా? ఇప్పుడేనా?"

"ఇప్పుడేనండీ. ఇది చిన్న వాన."

"చిన్నదా!" ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

చక్రపాణికి ఇక దాచుకోవాలనిపించలేదు. "పిలార్ గారూ, మీ మీద ఆరు పేజీల ఉత్తరం రాశాను. మీరు నలభై కుటుంబాల్ని ముంచేస్తున్నారని రాశాను. ఒక్క మాట మిమ్మల్ని అడగలేదు. తప్పు నాది."

ఆవిడ తడిసిన జడ పిండుకుంది. గొడుగుతో వాల్టర్ కూడా పైకొచ్చి నిలబడ్డాడు.

"మా పినతండ్రి ఇల్లు ఉత్తరాన, పియురా ఊళ్ళో" అంది పిలార్. "మట్టి ఇల్లు. తొంభై ఎనిమిదిలో సముద్రం వేడెక్కితే అక్కడ వాన పడింది. ఇల్లు బెల్లం ముక్కలా కరిగిపోయిందని ఏడుస్తూ చెప్పాడు. తాగి చెబుతున్నాడనుకుని నవ్వాను. ఇవాళ నమ్ముతున్నాను." వాల్టర్ వైపు తిరిగింది. "ఆ సముద్రం ఏదో ఒక ఏడు మా లిమా దగ్గరా వేడెక్కుతుంది. నా నక్షాకి వాటం వద్దు. ఒక్క తూము కావాలి, ఓ మూలన, మూత పెట్టి. అది గీయడానికి ఈయన కావాలి."

"నలభై కుటుంబాలని చంపుతున్నావన్నాడు నిన్ను" అన్నాడు వాల్టర్.

"నేనూ ఉరుముకి మిమ్మల్ని టై పట్టుకుని లాగాను."

వాల్టర్ కిందికి దిగి, తడి చేత్తోనే సంతకం పెట్టాడు. సిరా అలుక్కుపోయి, లాయరు ఇంకోసారి పెట్టించుకున్నాడు.

సాయంత్రం నళినికి విషయం చెబితే ఆవిడ ముందు నవ్వలేదు. "వాన పడకపోతే వాళ్ళు పలకరింపుగా ఏం మాట్లాడుకుంటారండీ?" అంది విస్తుపోయి.

వెళ్ళేటప్పుడు పిలార్ ఆ గోళీ అడిగి పట్టుకెళ్ళింది. భవనం పూర్తయ్యాక డాబా మధ్యలో పెట్టింది. ఆ భవనంలోనే కాపురానికొచ్చిన వాళ్ళమ్మ తూము మూత మీద పూలకుండీ పెట్టుకుంది. అప్పటి నుంచి ఏటా ఆగస్టులో ఒక ఫోటో వస్తోంది. పైన అదే గాడిద పొట్ట, కింద అదే గోళీ, అదే చోట. చక్రపాణి వచ్చిన ప్రతి ఫోటోనూ కంప్యూటర్‌లో పెద్దది చేసి, గోళీ చుట్టూ తడి ఉందేమోనని వెతుకుతాడు.

"ఒక్క అంగుళం కూడా కదల్లేదు నళినీ!" అంటాడు, ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే.