జబ్బు పడనివాళ్ల లెక్క

మొన్న నిజామాబాద్‌లో ఒక బడికి వెళ్లాను. పిల్లలు సైన్సును బట్టీ పట్టారా, లేక దాంతో ఆలోచించగలుగుతున్నారా అని చూసే పరీక్ష ఒకటి పెడుతున్నాం. ప్రశ్నలు తయారుచేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఎవరో అప్పుడే నీళ్ల ట్యాంకు కడిగినట్టున్నారు, వరండాలో అడుగు పెట్టగానే బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కులో గుచ్చుకుంది. లోపల పిల్లలు తలలు వంచుకుని పట్టికలోని అంకెల మీద పెన్నులు ఆడిస్తున్నారు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి ఒక ఉదయం, మా బడి గేటు దగ్గర అరుపులు, వాటి మధ్య వనజ టీచర్ గొంతు మళ్లీ వినిపించాయి.

మా ఊరు ఎడపల్లి దాటాక, బోధన్ దారికి కాస్త లోపలగా ఉంటుంది. వనజ టీచర్ నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, చెరుకు చేల మధ్య నుంచి నడిచి బడికి చేరేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వు తక్కువ. ప్రతి శుక్రవారం మాకు ఒక పరీక్ష పెట్టేది. అందులో పుస్తకంలోని ప్రశ్న ఒక్కటీ ఉండదు. బోర్డు మీద ఒక పట్టిక గీసి, రెండే అడిగేది: ఈ అంకెలను బట్టి ఏం చెప్పొచ్చు? ఏం చెప్పలేం? తరగతిలో మొదటి ర్యాంకు నాదే అయినా, ఆ పరీక్షలో మాత్రం నాకు ఎప్పుడూ మార్కులు వచ్చేవి కావు. ఒకసారి రెండు చెరుకు చేల దిగుబడి ఇచ్చింది. కొత్త ఎరువు వేసిన చేనులో ఎక్కువ పండింది. ఎరువు మంచిదని రాశాను. పదికి రెండు వేసింది.

"రెండు చేన్లకు నీళ్లు ఒక్కతీరుగ పారినయని పట్టికల ఉన్నదా?" అని అడిగింది.

"లేదు టీచర్."

"మరి ఎరువుతోనే పండిందని ఎట్ల రాసినవ్?"

"అందరు గట్లనే అంటరు గద టీచర్."

"అందరు అనేది కూడ పట్టికల లేదు" అని కాగితం నా చేతికి ఇచ్చేసింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. కావాలనే నన్ను తక్కువ చేస్తోందనుకున్నాను.

ఆ సంవత్సరం వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక రోజు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టారు. వండేది ఎల్లవ్వ. భర్త లేడు. పొద్దున బడిలో వండి, సాయంత్రం ఇంట్లో బీడీలు చుట్టేది. మేం పళ్లెం చాపితే "ఇంకింత ఏసుకో బిడ్డా" అనకుండా గరిటె ఎత్తేది కాదు. ఆ రోజు అందరం తిన్నాం, ఇళ్లకు పోయాం. మర్నాడు ఉదయం బడికి వచ్చేసరికి మా తరగతి సగం ఖాళీ. వాంతులు, విరేచనాలు. ఎనిమిది, పది తరగతుల్లోనూ అంతే. ఇద్దరు పిల్లల్ని అప్పటికే ఆటోలో బోధన్ దవాఖానకు తీసుకుపోయారని తెలిసింది. వాళ్లలో ఒకతి నా పక్కన కూర్చునే లావణ్య.

తొమ్మిది దాటేసరికి గేటు ముందు ఊరు ఊరంతా నిలబడింది. లావణ్య తండ్రి గంగారాం ముందున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "మురిగిన గుడ్లు వెట్టి పిల్లల పానం తీస్తరా?" అని అరుస్తున్నాడు. ఎల్లవ్వ వంటగది గోడకు ఆనుకుని నిలబడింది, కొంగు నోట్లో కుక్కుకుని. గంగారాం చూపు నా మీద పడింది.

"నువ్వు చెప్పు బిడ్డా, నువ్వు సదివే పిల్లవు. గుడ్డు వాసన వచ్చిందా లేదా?"

అందరూ నా వైపు తిరిగారు. అంతకుముందే పిల్లలు వాసన, వాసన అని గుసగుసలాడుకోవడం విన్నాను. "వచ్చింది" అన్నాను.

ఆ మాటతో జనం ఒక్కసారిగా వంటగది వైపు కదిలారు. ఎవరో పొయ్యి మీది గంజును తన్నారు. వనజ టీచర్ పరుగున వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది. "నాకు మధ్యాహ్నం దాకా టైం ఇయ్యుండ్రి. అప్పటిదాక ఆమెను ఎవరు ముట్టొద్దు" అంది. గొంతు పెద్దది చేయలేదు. హెడ్మాస్టర్ సారు ఆమెను పక్కకు పిలిచి, ఎల్లవ్వను తీసేస్తున్నట్టు రాసి, టీచర్లందరూ సంతకం పెట్టాల్సిన కాగితం ముందు పెట్టాడు. "సంతకం పెట్టమ్మా, గొడవ ఒడుస్తది" అన్నాడు. ఆమె పెట్టలేదు.

వచ్చిన పిల్లలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టింది. ముందు నన్ను లేపింది.

"వాసన నీకు వచ్చిందా, వచ్చిందని ఎవరన్న అంటే విన్నవా?"

"విన్న టీచర్" అన్నాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక చాక్‌పీసు, ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "అయితే ఇయ్యాల లెక్క నువ్వే రాయాలె" అంది. తర్వాత అందరికీ చెప్పింది: "పొద్దటి నుంచి జబ్బు పడ్డోళ్లనే లెక్కవెడుతున్నరు. పడనోళ్లను ఎవరూ అడగలే. ఇల్లిల్లు తిరుగుండ్రి. గుడ్డు తిన్నరా, ఏ నీళ్లు తాగిండ్రు, ఇప్పుడు ఎట్లున్నరు. గీ మూడే అడగాలె. మీ సొంత మాట ఒక్కటి కలపొద్దు."

ఇద్దరిద్దరు చొప్పున ఊరంతా తిరిగాం. కొన్ని ఇళ్ల వాళ్లు తలుపు తీయలేదు, కొందరు తిట్టారు. ఒక ముసలమ్మ, మనవడి వాంతిని బూడిదతో కప్పుతూ, "గిదేం పరీక్షనే మీకు?" అని నా మీద విరుచుకుపడింది. పన్నెండు కావస్తుండగా బడికి తిరిగొచ్చి బోర్డు మీద గీతలు గీశాం. పేరు పేరునా నింపుతుంటే నా చెయ్యి నెమ్మదించింది. ఆరు, ఏడు తరగతుల పిల్లలు దాదాపు అందరూ అదే గుడ్డు తిన్నారు, దాదాపు అందరూ బాగున్నారు. వాళ్లు తాగేది బడి ముందున్న బోరింగు నీళ్లు. వెనక గదుల్లో ఉండే మా ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్లం ట్యాంకు కింది నల్లా నీళ్లు తాగుతాం. మాలో గుడ్డు ముట్టని నలుగురికీ వాంతులయ్యాయి. ఆ రోజు నాలా ఇంటి నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకున్నవాళ్లు గుడ్డు తినీ బాగానే ఉన్నారు.

ఒక్క పేరు మాత్రం ఇమడలేదు. ఆరో తరగతి పిల్ల ఒకతి, బోరింగు నీళ్లే తాగానంది, అయినా జబ్బు పడింది. నేను తుడిచే గుడ్డ పైకెత్తాను.

"ఎందుకు తుడుస్తున్నవ్?" అంది టీచర్ వెనక నుంచి.

"ఈ ఒక్కటుంటే వాళ్లు ఒప్పుకోరు టీచర్."

"ఒప్పుకోకపోతే పోనీ. ఆ పిల్ల ఉన్నదా లేదా? ఉంటే బోర్డు మీద ఉండాలె."

తర్వాత గంగారాంను, ఇంకో నలుగురు పెద్దల్ని, హెడ్మాస్టర్ సారును ఆ గదిలోకి పిలిచింది. ఒక్కో గడి చూపిస్తూ చదివి వినిపించింది. గంగారాం వేలు సరిగ్గా ఆ పేరు మీదికే పోయింది. "మరి గీ పిల్ల సంగతేంది? గీమె నల్లా నీళ్లు తాగలే గద?"

"తెల్వదు" అంది టీచర్.

అంత కోపం మీద ఉన్న మనుషుల ముందు ఒక టీచరు తెలియదనడం నేను అంతకుముందు వినలేదు. అంతా అయిపోయిందనుకున్నాను.

"తెల్వంది తెల్వదనే చెప్తున్న అన్న. తెల్సింది గిది. గుడ్డు తిని, నల్లా నీళ్లు తాగనోళ్లు ఇంతమంది మంచిగున్నరు. ఎల్లవ్వను కొడితే రేపు మళ్ల అదే నల్లా విప్పుతరు పిల్లలు." కాస్త ఆగింది. "ఆ ట్యాంకు కడిగించే పని నాది. రెండు నెలల నుంచి కడిగియ్యలే. అడిగితే నన్ను అడుగుండ్రి."

హెడ్మాస్టర్ సారు తల పట్టుకున్నాడు. ఆ సంతకం పెట్టి ఉంటే ఆమె మీదికి ఏమీ వచ్చేది కాదని నాకు అప్పుడు అర్థమైంది. గంగారాం బోర్డు వైపు చూశాడు, కూతురు పేరు వెతుక్కుంటున్నట్టు. ఆ తర్వాత నిచ్చెన తెప్పించి తానే పైకి ఎక్కాడు. ట్యాంకు మూత సగం పక్కకు జరిగి ఉంది. లోపల కుళ్లిన పావురం. దిగివచ్చి గోడవారగా కూర్చుని వాంతి చేసుకున్నాడు.

పిల్లలందరూ కోలుకున్నారు. లావణ్య నాలుగో రోజు ఇంటికి వచ్చింది. నీళ్లు తాగడానికి పనికిరావని పరీక్షలో తేలింది. మిగిలిన గుడ్లను అంతకుముందే పారబోశారు కాబట్టి దాని సంగతి ఎవరూ తేల్చలేకపోయారు. టీచర్ ఆ మాట కూడా దాచలేదు. ఎల్లవ్వ పని నిలబడింది. టీచర్‌కు మాత్రం పైనుంచి మెమో వచ్చింది, ఆ ఏడాది చివర బదిలీ కూడా. ముప్కాల్ వైపు ఏదో బడికి వేశారు. నిజామాబాద్ నుంచి రోజూ అంత దూరం.

ఆమె వెళ్లకముందే నేను ఎల్లవ్వ ఇంటికి పోయాను. టీచర్ పంపలేదు, నాకే అన్నం సయించడం లేదు. ఎల్లవ్వ చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. వాసన రాలేదని, అబద్ధం చెప్పానని అన్నాను. ఆమె చేతులు ఆగాయి.

"అందరు అన్నరు బిడ్డా. గని నువ్వు అన్నంక నాకే అనుమానమైంది, నిజంగనే మురిగినయ్ వెట్టిన్నేమో అని. సదివేదాని నోట అబద్ధం ఎందుకొస్తది అనుకున్న" అంది. కోపంగా అనలేదు. నన్ను కూర్చోమంది, చాయ్ పోసింది. ఆ చాయ్ తాగడం నాకు చాలా కష్టమైంది.

ఇన్నేళ్లలో సైన్సు చాలా మర్చిపోయాను, మళ్లీ నేర్చుకున్నాను. ఆ ఉదయం నేర్చుకున్నది మాత్రం నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. నా నోటి నుంచి మాట బయటికి పోయే ముందు ఒక్క క్షణం భయమేస్తుంది, అంతే. నిరుడు నేను పాఠాలు చెప్పే బడిలో ఒక టీచరు ఫోను పోయింది. కొత్తగా చేరిన వలస కూలీల పిల్ల ఆ గది దగ్గర కనబడిందని అందరూ ఒకే మాట అన్నారు. ఆ అమ్మాయి సంచి విప్పమన్నారు. అయితే అందరి సంచులూ విప్పాలి, మనవి కూడా, అన్నాను. "మరి ఎవరు తీసినట్టు?" అని ముఖం మీదే అడిగారు. తెలియదన్నాను. చివరికి ఎవరి సంచీ విప్పలేదు. రెండు రోజులు స్టాఫ్ రూంలో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఫోను ఇప్పటికీ దొరకలేదు. ఆ పిల్ల మాత్రం మర్నాడు బడికి వచ్చింది, వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.